ఇంకా వెదకడం అవిశ్వాసమా?



1987లో ఐర్లాండ్ రాక్ బృందం యూటూ పాడిన ఒక సింగిల్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అది సిలువను ఒప్పుకుంటూనే, వెదికేది ఇంకా దొరకలేదంటుంది. హార్లెం గాస్పెల్ గాయకబృందమూ దాన్ని గొంతెత్తి పాడింది. కొందరు విశ్వాసులు మాత్రం, క్రీస్తు దొరికాక ఇంకేం వెదకాలంటూ తప్పుపట్టారు.

వారిని అడుగుతున్నాను: బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు రాసిన పౌలు, తానింకా గురి చేరలేదనీ, పరుగెత్తుతూనే ఉన్నాననీ చెప్పలేదా? అదీ అవిశ్వాసమేనా?

అంతా దొరికిందనే సాక్ష్యానికే మన మందిరాల్లో మైకు అందుతోంది. ఇంకా వెదుకుతున్నానని ఏడ్చే యవ్వనస్థుడికి మందలింపు మిగులుతోంది. రేపు అతడు రాకపోతే దేవునికి లెక్క అప్పగించేదెవరు? వెదకమన్న ప్రభువు, ఇక చాలు ఆపమని ఎక్కడా అనలేదు.