బేరమాడలేని మనుషుల దగ్గర

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది కందకుర్తిలో. మంజీర, హరిద్ర అక్కడే వచ్చి కలుస్తాయి. ఆ సంగమానికి పుణ్యస్నానాలకు వచ్చేవాళ్లు ఎందరో, అయినవాళ్ల అస్థికలు గంగలో కలపడానికి వచ్చేవాళ్లూ అందరే. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. బోధన్ నుంచి ఆ దారిలో టికెట్లు కొట్టిన రోజుల్లో ఈ రెండో రకం మనుషుల్ని దగ్గరగా చూశాను. సాయమంటే ఏమిటో నాకు తెలిసింది వాళ్ల వల్లనే.

ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే తెలిసిపోయేది. ఆ సంచిని కింద పెట్టడు, పైన పెట్టడు. పక్క సీటువాళ్లు మెల్లగా లేచి వెనక్కి పోతారు. మైల అని కొందరు, భయంతో కొందరు. ఒకసారి సాటాపూర్ చౌరస్తాలో ఎక్కిన పెద్దమ్మ మాత్రం నేరుగా వచ్చి ఆ ఖాళీ సీట్లోనే కూర్చుంది. "ఎవలు బిడ్డా?" అంది. "మా బాపు" అన్నాడు అతను. దిగేదాకా ఆ బాపు కబుర్లే. ఆమె అతనికి ఇచ్చిందేమీ లేదు, పక్కన కూర్చుంది అంతే.

చావు జరిగిన ఇంటివాళ్లు బేరమాడలేరు. గుండు చేయించుకోవడానికి ఎంత, పడవకు ఎంత, ఆటోకు ఎంత అని అడగడానికే వాళ్లకు నోరు రాదు. ఎంతంటే అంత ఇచ్చేస్తారు. అలాంటి మనిషికి అడగకముందే సరైన ధర చెప్పడం, ఆఖరి బస్సు ఎన్నింటికో చెప్పి పంపడం, తడిబట్టలతో ఎక్కితే ముఖం చిట్లించకుండా ఉండటం – ఇవేవీ ఖర్చు పెట్టే పనులు కావు. మన పని మనం చేస్తూనే చేయగలిగినవి.

ఎండాకాలంలో కందకుర్తి చూసినవాళ్లకు తెలుసు. ఎగువన బాబ్లీ ప్రాజెక్టు గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం ఏటా జులై 1న తెరిచి, అక్టోబరు 28దాకా తెరిచే ఉంచాలి. వానలు పడి, ఆ నీళ్లు వచ్చేదాకా ఒడ్డు దగ్గర ఇసుకే. నీటిమడుగు ఎక్కడుందో ఊరివాళ్లకు తెలుస్తుంది గానీ, బయటినుంచి వచ్చినవాళ్లకు తెలియదు. చెప్పులు ఒడ్డున విడిచి, కాలే ఇసుకలో ఎటో నడుస్తున్న ముసలాయనను పిలిచి, "అటు కాదు బాపూ, ఇటు" అని దారి చూపితే చాలు. వంతెన దాటి ధర్మాబాద్ వైపు నుంచి వచ్చే మరాఠీవాళ్లు మన బోర్డులు చదవలేరు. వాళ్లకు బస్సు చూపించడానికి పట్టేది అర నిమిషం.

బేరమాడలేని స్థితి చావు ఇంట్లోనే రాదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక శక్కర్‌నగర్‌లో జీతాలు ఆగిన ఇళ్లను చూశాం. ఆ రోజుల్లో ఉద్దెర ఇచ్చిన దుకాణదారులు మంచివాళ్లే. కానీ నాకు ఇంకా గొప్పగా తోచింది, పదిమంది ముందు బాకీ ఊసెత్తని కిరాణా సేటు. సరుకు ఇవ్వడం ఒక సాయం, ఇచ్చినట్టు ఎవరికీ తెలియనివ్వకపోవడం రెండో సాయం.

ఇప్పుడు సాయానికి కూడా ఫ్లెక్సీ కావాలి. నాలుగు అరటిపండ్లు ఇస్తూ అయిదుగురు ఫొటో దిగుతారు. తీసుకునే మనిషి తల ఎటు తిప్పుకోవాలో తెలియక నిలబడతాడు. ఆకలి తీరిందేమో గానీ, పరువు పోయింది. తీసుకున్నవాడు తల దించుకోవాల్సి వస్తే అది సాయం కాదు, మన ప్రచారానికి అతన్ని వాడుకోవడం.

"ఇవన్నీ సర్కారు చూడాలి" అంటారు కొందరు. ఘాట్లు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, అదనపు బస్సులు కచ్చితంగా సర్కారే చూడాలి. వాటిని గట్టిగా అడుగుదాం. కానీ సంచి పట్టుకున్న మనిషి పక్కన కూర్చోవాలని ఏ జీవో చెప్పదు.

2015 జులై 14 నుంచి 25 దాకా గోదావరి పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2027లో వస్తున్నాయి. అప్పుడు బోధన్, నిజామాబాద్ దారులన్నీ నిండిపోతాయి. అన్నదానాల బ్యానర్లు ఎలాగూ లేస్తాయి, మంచిదే. నేను కోరేది వేరు. ఆటో నడిపే తమ్ముడూ, కొబ్బరికాయలు అమ్మే చెల్లే, గుండు గీసే అన్నా, ఇప్పుడు కండక్టరు సీట్లో ఉన్న బిడ్డా – ఆ పన్నెండు రోజులు మీ పని మీరు చేసుకోండి, మీ డబ్బులు మీరు తీసుకోండి. ముందే సరైన ధర చెప్పండి, దారి తెలియని మనిషికి దారి చెప్పండి. బేరమాడలేని మనిషి కనిపిస్తే, అతని తరఫున ఆ బేరమేదో మీరే ఆడండి.