ఖర్చు తగ్గించుకోమంటే ఎవరిని తగ్గించుకోవాలి?

గిరాకీ పడిపోయినప్పుడు చిన్న వ్యాపారం చేసుకునే వాళ్ళకి అందరూ చెప్పే సలహా ఒక్కటే: ఖర్చులు తగ్గించుకోండి. బ్యాంకులో అదే చెబుతారు, ఇంట్లో అదే చెబుతారు, శిక్షణా తరగతుల్లో మనమూ అదే చెబుతాం. సలహా తప్పని కాదు. కానీ ఏ ఖర్చు ముందు తెగుతుంది, ఆ కోత ఎవరి ఒంటిమీద పడుతుంది అన్న ప్రశ్న మనం వేసుకోలేదు. వేసుకోకపోతే ఏమవుతుందో నా అనుభవం నుంచే చెబుతాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వీధి వ్యాపారాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కొన్ని నెలలకు మళ్ళీ మొదలైనా పాత గిరాకీ రాలేదు. 2021లో వంటనూనె ధరలు మండిపోయాయి. ఆ రోజుల్లో విజయవాడలోని ఒక బస్తీలో చిన్న వ్యాపారాలు చేసుకునే స్త్రీలకు లెక్కలు రాయడం నేర్పడానికి వెళ్ళాను. అనవసరపు ఖర్చుల కింద గీత గీయండి, వచ్చే నెల వాటిని కొట్టెయ్యండి అని చెప్పి వచ్చాను. టిఫిన్ బండి నడిపే ఒకామె మరుసటి నెల పుస్తకం తెచ్చి చూపించింది. ఖర్చు బాగా తగ్గింది. అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాను. ఎలా తగ్గించావమ్మా అని అడిగాను.

"మీరు చెప్పినట్టే చేశానక్కా. ప్లేట్లు కడిగే పెద్దమ్మని మానిపించేశాను, రోజుకి రెండొందలు మిగిలింది. ఆ పని మా పాప చేస్తోంది. నేను పొద్దున టిఫిన్ తినడం మానేశాను" అంది.

పాప తొమ్మిదో తరగతి. అప్పటికి బడులు మూసి ఉన్నాయి. తెరిచాక ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళలేదు. మానిపించిన పెద్దమ్మకి ఆ రెండొందలు తప్ప వేరే ఆధారం లేదు. నేను మెచ్చుకున్నది దీన్ని.

తర్వాత అదే పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఆమె గీత గియ్యని పద్దు ఒకటుంది. రోజువారీ ఫైనాన్సు అతనికి రోజుకి 100 రూపాయలు. చేతికి ఇచ్చింది 9,000, వందరోజుల్లో కట్టాల్సింది 10,000. పైకి చూస్తే పోయేది వెయ్యే అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తీరిపోతూ ఉంటుంది కనుక, లెక్క కట్టి చూస్తే ఆ వడ్డీ ఏడాదికి నూటికి 77 రూపాయల పైమాటే. దాని పక్కనే బండి కదిలించకుండా ఉండడానికి ఇచ్చే మామూలు ఉంది. ఈ రెండూ ఎందుకు కొట్టెయ్యలేదంటే, "అవి మన చేతిలో ఉన్నవా అక్కా?" అంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. తన చేతిలో ఉన్నవి మూడే: తన తిండి, తన కూతురు, తనకంటే దిక్కులేని మరో స్త్రీ. ఖర్చు తగ్గించమంటే ఆ మూడే తెగాయి. అసలు బరువులు ఉన్నచోటే ఉన్నాయి.

పొదుపు అన్న మాటకు మన నేలమీద ఒక చరిత్ర ఉంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకో రూపాయి దాచుకున్నారు. వాళ్ళు ముందు కొట్టేసింది సారా ఖర్చు, అంటే ఇతరులు తమ నెత్తిన రుద్దిన ఖర్చు. అది కూడా ఒంటరిగా కాదు, ఊరంతా కలిసి. ఆ పొదుపు కాస్తా కడుపు మాడ్చుకోవడంగా ఎప్పుడు మారిందో మన సంఘాలన్నీ ఆలోచించాలి. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళకు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చేదాకా, వాయిదా తప్పని స్త్రీలను మనమూ ఆదర్శంగానే చూపించాం.

మరి లెక్కల తరగతిలో ఏం చెప్పాలి? మొదటి పద్దుగా ఆమె కూలి రాయించాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి పప్పు రుబ్బిన దగ్గర్నుంచి మధ్యాహ్నం బండి కడిగేదాకా తొమ్మిది గంటల పని. తన కూలి రాయని పుస్తకంలో ఏ వ్యాపారమైనా లాభంలోనే కనిపిస్తుంది. ఆమె తిండి, సహాయకురాలి కూలి, పిల్లల చదువు కోతకు అందని పద్దులని మొదటి రోజే చెప్పాలి.

తర్వాత తగ్గించగలిగినవి చూడాలి. నూనె ఎక్కువ తాగే పూరీ కొన్నాళ్ళు ఆపవచ్చు. ఏ వారం ఎంత పిండి మిగిలిందో రాసుకుంటే రుబ్బడం తగ్గించవచ్చు. నూనె ప్యాకెట్లు, మినప్పప్పు కిలోల లెక్కన కొనేకంటే, నలుగురు కలిసి డబ్బా, బస్తా కొని పంచుకుంటే తేడా కనిపిస్తుంది. ఖాతా బాకీలు వారంవారం వసూలు చేసుకోవాలి. ఇవన్నీ అవసరమే. కానీ ఇవి చిల్లర ఆదాలు.

పెద్ద ఆదా వడ్డీలో ఉంది. సంఘం పొదుపు నుంచి నూటికి రూపాయి వడ్డీకి అప్పిచ్చి, ముందు ఆ రోజువారీ బాకీ తీర్పించాలి. వీధి వ్యాపారులకు బ్యాంకు రుణమిచ్చే స్వనిధి పథకం 2020 జూన్‌లో 10,000 రూపాయలతో మొదలైంది. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాగితాలు పట్టుకుని ఆమెతో బ్యాంకు దాకా వెళ్ళడం మన పని.

మామూలు సంగతికి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళను తొలగించకూడదు. తొలగించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా? అందులో బండి తోసే స్త్రీ ఎవరైనా కూర్చున్నారా? ఈ చట్టం చేతిలో పట్టుకుని పదిమంది కలిసి నిలబడితే మామూలు అడిగే చెయ్యి వెనక్కి తగ్గుతుంది. ఒక్కతే నిలబడితే బండే పోతుంది.

హక్కుల పని వేరు, జీవనోపాధి పని వేరు అని మనలో కొందరు అనుకుంటారు. ఆ పుస్తకం చూశాక నేను అలా అనుకోలేకపోతున్నాను. గడ్డురోజులు మళ్ళీ వస్తాయి. అప్పుడు కూడా లెక్కలు నేర్పడానికి మనమే వెళ్తాం. ఖర్చు తగ్గిన పుస్తకం కనిపించగానే చప్పట్లు కొట్టే ముందు, తగ్గింది ఎవరి వాటా అని అడుగుదాం. నేను ఆ రోజు ఆ ఒక్క మాట ముందే అడిగి ఉంటే, ఒక పిల్ల పదో తరగతి పరీక్ష రాసి ఉండేదేమో.