"ఫ్యామిలీస్ ఓన్లీ" అని టైపు చేసింది మనమే



దసరా దగ్గర పడుతున్నది. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో హాలు వెతుకులాట అప్పుడే మొదలైంది. ఏ స్కూలు ఆడిటోరియం ఖాళీగా ఉంది, ఏ హోటల్ వాళ్ళు రేటు తగ్గిస్తారు, పార్కింగ్ సరిపోతుందా... రోజూ ఇదే చర్చ. హాలు బుక్ అయ్యాక చెప్పి లాభం లేదు గనుక ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. చదివి కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

ముందు 2016 నాటి ఒక సంగతి. మా చిన్నబాపు కొడుకు అప్పటికి దోహా వచ్చి ఏడాదిన్నర అయింది. జగిత్యాల పక్కన మాది ఒకే ఊరు, పక్క పక్క ఇళ్ళు. నేను మాస్టర్స్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చాను, వాడు ఏజెంటుకు అప్పు చేసి కట్టి స్టీల్ ఫిక్సర్ వీసా మీద వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో గదికి పది మంది. ఒక శుక్రవారం రెండు బస్సులు మారి అల్ సద్‌లో మా ఇంటికి వచ్చాడు. అన్నం తిన్నాక "పాపకు ఏమన్న కొనిస్త అన్నా" అంటే, సరే అని అందరం నగరంలో ఒక మాల్‌కు వెళ్ళాం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఇవాళ ఫ్యామిలీ డే అట. నేను, నా భార్య, పాప లోపలికి పోవచ్చు, వాడు మాత్రం పోకూడదు. ఇద్దరి చొక్కాల్లో వాడిదే కొత్తది, పండగకు దాచుకున్నది. అయినా మనిషిని చూడగానే తెలిసిపోతుంది కదా, ఎండలో పనిచేసేవాడెవడో, ఏసీలో కూర్చునేవాడెవడో! నేను ఇంగ్లిషులో గట్టిగా వాదించాను. సెక్యూరిటీ అతను నేపాలీ. హిందీలో మెల్లగా అన్నాడు: "సార్, డ్యూటీ లేని రోజు వస్తే నన్ను కూడా లోపలికి పోనివ్వరు." ఇంకేం మాట్లాడతాం? చివరికి పాపను వాడి చేతికి ఇచ్చాను. ఆ నేపాలీ అతను పక్కకు చూశాడు. రెండేళ్ళ పిల్లను ఎత్తుకోగానే మా తమ్ముడు "ఫ్యామిలీ" అయిపోయాడు.

గల్ఫ్‌లో ఉన్న మనకు "బ్యాచిలర్" అన్న మాట వింత అనిపించడం ఎప్పుడో మానేసింది. ఊళ్ళో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, ఐదుగురికీ నెల నెలా డబ్బు పంపే మనిషి ఇక్కడ బ్యాచిలర్! పెళ్ళాన్ని తెచ్చుకోవడానికి జీతం చాలని వాడని దాని అసలు అర్థం. అంటే అది పెళ్ళికి సంబంధించిన మాట కాదు, జీతానికి సంబంధించిన మాట. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస వేతనం 1,000 రియాళ్లు. కంపెనీ గది ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300. గల్ఫ్‌లో ఇది పెద్ద ముందడుగే, ఒప్పుకుంటాను. కానీ ఆ జీతంతో ఫ్యామిలీ వీసా కల మాట.

ఇది కేవలం మాల్ గేటు సంగతి కూడా కాదు. కుటుంబాలు ఉండే పేటల్లో కార్మికుల వసతి ఉండకూడదని ఖతార్ 2010లోనే 15వ నంబరు చట్టం చేసింది. ఊరి మధ్యలో ఉన్న వాళ్ళను ఊరి అంచుకు పంపింది. 2015లో ఇండస్ట్రియల్ ఏరియా వైపు సుమారు 70 వేల మంది ఉండేలా లేబర్ సిటీ కట్టారు. దాన్ని ఆనుకొని ఏషియన్ టౌన్: షాపులు, సినిమా హాళ్ళు, ఓపెన్ థియేటర్, క్రికెట్ స్టేడియం. ఇక నగరం లోపల? 88 హెక్టార్ల ఆస్పైర్ పార్క్, అందులో చెరువు, పచ్చిక. సముద్రం పక్కన 2018లో కొత్తగా చేసి తెరిచిన అల్ బిద్దా పార్క్. 2022 ప్రపంచ కప్పుకు ఫ్యాన్ ఫెస్టివల్ అక్కడే పెట్టారు, 2023 అక్టోబర్ నుంచి ఆరు నెలలు ఎక్స్‌పో కూడా అక్కడే. మరి ప్రపంచ కప్పు స్టేడియాలు కట్టిన చేతులు మ్యాచ్‌లు ఎక్కడ చూశాయి? చాలామంది ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో తెర కట్టి చూపిస్తే అక్కడ చూశారు. వినోదం ఇచ్చారు గానీ వేరే చోట ఇచ్చారు.

అల్ సద్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే 2 రియాళ్లకు స్పోర్ట్ సిటీలో దిగుతాను, అక్కడి నుంచి ఆస్పైర్ పార్క్ నడక దూరం. ఇండస్ట్రియల్ ఏరియాకు ఆ మెట్రో పోదు. వారానికి ఒక్క రోజు సెలవు, అందులో బట్టలు ఉతకాలి, వారానికి సరిపడా వండుకోవాలి, ఇంటికి ఫోన్ చెయ్యాలి. మిగిలిన నాలుగు గంటల్లో రానూ పోనూ బస్సులోనే సగం పోతే పార్కులో కూర్చునేది ఎప్పుడు? గేటు దగ్గర ఎవరూ ఆపకపోయినా దూరమే ఆపుతుంది.

సరే, ఆ దేశం వాళ్ళది, చట్టం వాళ్ళది. వాళ్ళకు చెప్పగలిగేంత గొంతు మనకు లేదని మీరంటారు. పబ్లిక్ ప్రోగ్రాం పెట్టాలంటే అనుమతి కావాలి, హద్దుల్లో ఉండాలి, నాకూ తెలుసు. కానీ మన హాలు మనది కదా? దాని గేటు దగ్గర ఎవరు నిలబడాలో మనమే నిర్ణయిస్తాం కదా? అక్కడ మనం ఏం చేశాం?

కొన్నేళ్ళ కింద ఒక సంఘం బతుకమ్మకు నేను కమిటీలో ఉన్నాను. ఫ్లయర్ తయారు చేసే పని నాకు ఇచ్చారు. కింద ఎర్ర అక్షరాల్లో "ఫ్యామిలీస్ ఓన్లీ" అని పెట్టమన్నారు. పెట్టాను. మాల్ గేటు దగ్గర ఇంగ్లిషులో వాదించిన ఈ పెద్దమనిషే ఆ రెండు మాటలు టైపు చేసి, ఫాంటు సైజు పెంచి, గ్రూపులో పోస్టు చేశాడు. మరునాడు మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మమ్ముల రానియ్యరా?" అని అడిగాడు. హాలు చిన్నదిరా అని చెప్పాను. అబద్ధం. ఆ రోజు వెనక వరసలన్నీ ఖాళీ.

ఆ సాయంత్రానికి తంగేడు, గునుగు ఇంటి నుంచి విమానంలో తెప్పించుకున్నాం. పువ్వుకు ఫ్లైట్ దొరికింది, అరగంట దూరంలో ఉన్న మన ఊరి పిల్లలకు ఒక బస్సు దొరకలేదు.

దీనికి కమిటీలో చెప్పే కారణాలు నాకు కంఠతా వచ్చు. మొదటిది ఆడవాళ్ళ భద్రత. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. మా ఇంట్లోనూ ఆడపిల్ల ఉంది. కానీ ఊళ్ళో సద్దుల బతుకమ్మ నాడు ఏం జరుగుతుంది? పొద్దున్నే పొలం గట్ల మీద పడి పువ్వు కోసుకొచ్చేది మగపిల్లలు. చెరువు కట్ట మీద నిలబడి చూసేది ఊరంతా. అక్కడ ఎవడైనా వెకిలి వేషం వేస్తే వాడిని వీపు మీద నాలుగు చరిచి పంపుతారు. అంతేగానీ పెళ్ళాంతో వచ్చిన వాడే కట్ట ఎక్కాలని ఎవరూ అనరు. వాలంటీర్లను పెట్టండి, ఆట దగ్గర ఆడవాళ్ళకు చోటు విడిగా కట్టండి. ఏసీలో పనిచేసేవాడు మర్యాదస్తుడు, ఎండలో పనిచేసేవాడు అనుమానితుడు అనే లెక్క మాత్రం వద్దు. అది మాల్ వాడి లెక్క. (నిజం చెప్పాలంటే మన ఫంక్షన్లలో తాగి అల్లరి చేసిన వాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఇద్దరూ మేనేజర్లే.)

రెండో కారణం ఖర్చు. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెరకు, హైదరాబాద్ నుంచి వచ్చే యాంకరమ్మకు, ఆమె హోటల్ గదికి ఎంత అయిందో లెక్కలు బయట పెడితే బస్సుల మాట అప్పుడు మాట్లాడదాం.

మూడోది "వాళ్ళకు ఏషియన్ టౌన్ ఉంది కదా" అనే మాట. అవును, ఉంది. మరి మనం అక్కడికి ఎందుకు వెళ్ళకూడదు? 2023 మార్చిలో లెజెండ్స్ లీగ్ మ్యాచ్‌లకు గంభీర్, అఫ్రిదీ ఆడింది ఆ స్టేడియంలోనే. వాళ్ళకు తగిన చోటు మన బతుకమ్మకు తగదా?

ఇంటి దగ్గర ప్రభుత్వాల సంగతి ఒక్క ముక్కలో. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత వచ్చింది, మంచిదే. ఆ డిమాండ్ మీద మనమందరం సంతకాలు పెట్టాం కూడా. శవపేటిక ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు ఫోటోలో నిలబడటానికి మన నాయకులు ముందుంటారు. ఆ మనిషి బతికి ఉన్నప్పుడు పండగ నాడు పక్క కుర్చీలో కూర్చుంటే ఏం పోయేది?

కమిటీకి నేను పంపిన ప్రతిపాదన ఇది. ఈసారి సద్దుల బతుకమ్మ ఏషియన్ టౌన్‌లో, అనుమతికి దరఖాస్తు ఇప్పుడే పెట్టాలి. కుదరకపోతే నగరంలోనే హాలు తీసుకుందాం, కానీ ఇండస్ట్రియల్ ఏరియా నుంచి నాలుగు బస్సులు మన ఖర్చుతో నడపాలి. టికెట్టు ఉండకూడదు. ఫ్లయర్ మీద ఆ రెండు మాటలు ఉండకూడదు. పదకొండు మందిలో ఇప్పటికి నలుగురు సరే అన్నారు. ఇంకో ఇద్దరు కావాలి. సభ్యులైన వాళ్ళు మీ కమిటీ మిత్రులకు ఒక ఫోన్ చెయ్యండి.

హాలు చూడటానికి వచ్చే శుక్రవారం సాయంత్రం నేను ఏషియన్ టౌన్‌కు పోతున్నాను. మా తమ్ముడు గేటు దగ్గర కలుస్తానన్నాడు. అల్ సద్ నుంచి ఐదు గంటలకు బయలుదేరతాను, కారులో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి.