క్లూ పెట్టిందెవరు?

మా చిట్టమూరులో మిస్టరీ సిరీస్‌లు చూసే కుర్రాళ్లు మూడు రకాలు. నాయుడుపేట ఆటో ఎక్కినా, టీకొట్టు దగ్గర నిలబడినా ఈ మూడు బ్యాచ్‌లూ తగులుతాయి.

మొదటిది 'మంచోడే దొంగ' బ్యాచ్. "ఆ డాక్టరు మరీ మంచిగా మాట్లాడతా ఉండాడు చూడబ్బా, వాడే చంపుంటాడు" అంటారు. రెండోది 'రెమ్యునరేషన్' బ్యాచ్. వీళ్లకు కథతో పనిలేదు, టైటిల్స్‌లో పేర్లు చూస్తే చాలు. "అంత పెద్ద యాక్టరుని తెచ్చి రెండు సీన్లకే పంపించేస్తారా? ఆయన మళ్లీ వస్తాడు, విలన్‌గానే వస్తాడు" అని లెక్క తేల్చేస్తారు. మూడోది 'అందరూ అనుమానితులే' బ్యాచ్. ఎపిసోడుకి ఒకరి చొప్పున అనుమానిస్తారు. చివరికి ఎవరు దొరికినా "నేను ముందే చెప్పలా?" అని కాలరెగరేస్తారు.

మూడు బ్యాచ్‌లూ నాకిష్టమే. కానీ సిరీస్ అయిపోయాక వీళ్లలో ఎవరో ఒకరు ఒక మాట అంటారు చూడండి: "క్లైమాక్స్ ముందే తెలిసిపోయింది, వేస్ట్ సిరీస్." ఈ మాటతోనే నాకు పేచీ.

ముందే తెలిసిపోతే వేస్ట్ ఎందుకవుతుంది? మనకి ముందే తెలిసిందంటే, ఎవరో మనకి తెలిసేలా పెట్టారనేగా!

మన తెలుగువాళ్లందరం కలిసి కట్టిన అతిపెద్ద థియరీ సంగతే చూద్దాం. 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. బాహుబలిని చంపింది తానేనని కట్టప్ప చెప్పడంతో సినిమా ఆగిపోయింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. మధ్యలో దాదాపు 22 నెలలు దేశమంతా ఒకటే ప్రశ్న. బాహుబలి అసలు చావలేదని కొందరు, భల్లాలదేవుడు మోసం చేసి చంపించాడని కొందరు. "రాజమౌళి చంపమన్నాడు, అందుకే చంపాడు" అని జోకులేసినవాళ్లు ఇంకొందరు.

నిజానికి జవాబు మొదటి భాగంలోనే ఉంది. కట్టప్ప ఆయుధశాలకి అస్లాం ఖాన్‌గా సుదీప్ వచ్చే సీన్ గుర్తుందా? బానిసత్వం నుంచి విడిపిస్తానంటే కట్టప్ప ఒప్పుకోడు. తమ పూర్వీకులు ఆ సింహాసనానికి ఇచ్చిన మాటకి కట్టుబడి ఉన్నానంటాడు. అలాంటి మనిషి బాహుబలి మీద కత్తి ఎత్తాలంటే ఆజ్ఞ ఎక్కడి నుంచి రావాలి? ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. సినిమా మొదలయ్యేదే శివగామితో. నదిలో మునిగిపోతూ, బిడ్డని చేత్తో పైకెత్తి పట్టుకుని, తాను చేసిన పాపానికి తన ప్రాణం తీసుకోమని శివుణ్ణి వేడుకుంటుంది. ఏం పాపం చేసిందామె? ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు శివగామే ఆజ్ఞ ఇచ్చుంటుందని పట్టేశారు.

మరి పట్టేసినవాళ్లు రెండో భాగం చూడటం మానేశారా? మన దేశంలో 1000 కోట్ల వసూళ్లు దాటిన మొదటి సినిమా అదే. జవాబు ఊహించినవాళ్లు కూడా థియేటర్‌కి వెళ్లారు. ఎవరన్నది తెలిసినా, ఆ తల్లి అంత మాట ఎలా అనగలిగిందో చూడాలిగా!

ఇక్కడే నా పాయింటు. కథలో క్లూ దానంతటది రాదు, రాసినవాళ్లు పెడితేనే ఉంటుంది. ముగింపు తెలిసినవాళ్లు, మన కళ్ల ముందే, కొంచెం చాటుగా పెట్టి పోతారు. నూరు మంది చూస్తే నలుగురికైనా అందేలా ఉంటేనే అది ఆట. ఒక్కడికీ అందనిది ట్విస్ట్ కాదు, తొండి.

ఈ ఆటకి రూల్స్ కూడా రాశారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకి 10 నియమాలు పెట్టాడు. నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనబడాలి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. ముందుగా సూచన ఇవ్వకుండా చివర్లో కవల సోదరుణ్ణి దింపకూడదు. (ఈ ఆఖరి రూలు మన డబుల్ యాక్షన్ సినిమాలవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.) మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉండేవాళ్లు. మా నాయన కాలంలో ఆ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివేవాళ్లు. యుగంధర్ చెప్పేలోపు తామే చెప్పేయాలని వాళ్లకీ ఇదే పోటీ. అప్పుడు 'ఫ్యాన్ థియరీ' అనే పేరు లేదు, అంతే తేడా.

ఫ్యాన్స్ కనిపెట్టేశారని భయపడి ముగింపు మార్చేస్తే ఏమవుతుంది? 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పుస్తకాలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్‌కి ఈ ఇబ్బంది నిజంగానే వచ్చింది. 1996లో మొదటి పుస్తకం వచ్చిన కొద్దికాలానికే జాన్ స్నో తల్లిదండ్రులెవరో కొందరు పాఠకులు ఊహించేశారు. టీవీలో ఆ గుట్టు విప్పింది 2016 జూన్‌లో, ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో. అంటే దాదాపు 20 ఏళ్లు ఆ థియరీ జనంలోనే తిరిగింది. అయినా కనిపెట్టారు కదా అని ముగింపు మార్చడం తప్పేనని మార్టిన్ బహిరంగంగానే చెప్పాడు. మారిస్తే, అప్పటిదాకా జాగ్రత్తగా వేసుకొచ్చిన క్లూలన్నీ అబద్ధాలైపోతాయి. శ్రద్ధగా చదివినవాడు మోసపోతాడు, పేజీలు తిప్పేసినవాడు హాయిగా ఉంటాడు. ఇదేం న్యాయం?

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. 2017 అక్టోబర్ 16 నుంచి 2023 జనవరి 23 దాకా స్టార్ మాలో 'కార్తీక దీపం' నడిచింది. మిస్టరీ సీరియల్ కాదు గానీ, దాని మీద వచ్చినన్ని థియరీలు ఏ మిస్టరీకీ వచ్చుండవు. తమాషా ఏంటంటే అందులో మన దగ్గర దాచింది పెద్దగా ఏమీ లేదు. దీప తప్పు చేయలేదని మనకి తెలుసు. మోనిత ఆడిన అబద్ధమూ తెలుసు. తెలియందల్లా డాక్టర్ బాబుకే. "ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే అయిపోద్ది కదయ్యా" అని టీవీ ముందు అరవని అమ్మమ్మ ఉందా?

అక్కడ థియరీలు 'ఎవరు' మీద రాలేదు, 'ఎప్పుడు' మీద వచ్చాయి. పెళ్లి రోజున తెలుస్తుందా, పిల్లలకి జబ్బు చేస్తే తెలుస్తుందా అని. ఆ 'ఎప్పుడు'కి మాత్రం క్లూ దొరకదు. డైలీ సీరియల్ ఎన్నాళ్లు నడవాలో కథ ఒక్కటే తేల్చదు, టీఆర్‌పీ కూడా తేలుస్తుంది. ముగింపు తేదీ ఖాయం కాని కథలో క్లూ ఎక్కడని పెడతారు? అందుకే డైలీ సీరియల్ మీద కట్టిన థియరీ ఎక్కువగా కూలిపోతుంది. చూసేవాళ్ల తెలివి తక్కువై కాదు, పట్టుకోడానికి అక్కడ ఏమీ పెట్టలేదు కాబట్టి.

ఓటీటీ సిరీస్‌ల సంగతి వేరు. ఎనిమిది ఎపిసోడ్లు, ముగింపు ముందే షూట్ చేసి పెట్టుకున్న కథ. విక్రమ్ కుమార్ తీసిన 'దూత' తీసుకోండి. నాగచైతన్య జర్నలిస్టు, పార్వతి పోలీసు ఆఫీసరు. చేతికి దొరికిన పేపర్ ముక్కల్లో ఉన్నది నిజంగా జరుగుతూ పోతుంది. ఎవరు, ఎందుకు అన్నది నేను చెప్పను, చూడనివాళ్లు చూసుకోండి. 2023 డిసెంబర్ 1న ప్రైమ్ వీడియోలో ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వదిలారు. రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి అయిపోతుంది. బాగానే ఉంది. కానీ థియరీ కట్టే టైమేదీ? అనుమానం మొలకెత్తేలోపే తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైపోతుంది.

1990ల చివర్లో ఈటీవీలో 'అన్వేషిత' చూసినవాళ్లని అడగండి. ఒక ఎపిసోడ్ మిస్సయితే మళ్లీ చూసే దారి లేదు. చూసినవాళ్లని పట్టుకుని చెప్పించుకోవాల్సిందే. ఆ చెప్పుకోవడంలోనే సగం థియరీలు పుట్టేవి. అమెరికాలో 1980లో 'డల్లాస్' సీరియల్‌లో జె.ఆర్. అనే విలన్‌ని ఎవరో కాల్చేశారు. అది మార్చి 21న. కాల్చిందెవరో చెప్పింది నవంబర్ 21న. ఎనిమిది నెలలు ఆగి ఆ ఒక్క ఎపిసోడ్‌ని 8 కోట్ల మందికి పైగా చూశారు. గుట్టు బయటపడకుండా, వేరే వేరే పాత్రలు కాల్చినట్టు సీన్లు తీసి పెట్టుకున్నారట. ఆగి చూడటంలో ఉన్న రుచి అది.

కాబట్టి నా సలహా: మంచి మిస్టరీ దొరికితే రోజుకి ఒక్క ఎపిసోడే చూడండి. కష్టమే, తెలుసు.

మరి స్పాయిలర్ల మాటేంటి? 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో ఇద్దరు పరిశోధకులు 12 చిన్న కథలతో ఒక పరీక్ష పెట్టారు. అగాథా క్రిస్టీ, చెకోవ్ లాంటివాళ్ల కథలు. ముగింపు ముందే తెలిసి చదివినవాళ్లకి ఆ కథలు తగ్గకుండా నచ్చాయి, చాలావాటికి ఎక్కువే నచ్చాయి. ఇది చదివి గ్రూపులో క్లైమాక్స్ పెట్టేయకండి! నాకు నేను ఊహించుకోవడం వేరు, ఇంకొకడు నోట్లో కుక్కడం వేరు. పొడుపుకథ వేసినవాడే విప్పేస్తే ఎట్టుంటది?

ఇంతదాకా సరదా. ఇక్కణ్ణుంచి కొంచెం సీరియస్.

కథలో క్లూ ఎవరో పెట్టింది అన్నాం కదా. నిజ జీవితంలో ఎవరూ పెట్టరు. సిరీస్‌లో ఒకడు ఎర్ర సంచీ పట్టుకుని రెండుసార్లు కనబడితే దానికో అర్థం ఉంటుంది. మన వీధిలో ఒకడు ఎర్ర సంచీ పట్టుకుని రెండుసార్లు పోతే వాడికి రెండుసార్లు పనిపడిందని అర్థం, అంతే. కానీ సిరీస్‌లకి అలవాటుపడిన బుర్ర ఊరుకోదు. ఎవరో చనిపోయారనో, కనిపించకుండా పోయారనో వార్త వస్తే, ఫోటో జూమ్ చేసి, పాత పోస్టులు తవ్వి, సాయంత్రానికల్లా థియరీ రెడీ.

2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు రెడిట్‌లో జనం ఇలాగే ఫోటోలు పోల్చి ఒక విద్యార్థే నిందితుడని తేల్చేశారు. ఆ అబ్బాయికి పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. అంతకు ముందే కనిపించకుండా పోయాడు, తర్వాత శవమై దొరికాడు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఆ ఇంటివాళ్లకి ఈ నింద అదనం. తర్వాత రెడిట్ క్షమాపణ చెప్పింది.

మన దగ్గరా తక్కువేం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో మెసేజీలు వచ్చాయి. మా వైపు ఫోన్లలోనూ తిరిగాయి. కొత్త ముఖం, అర్థం కాని భాష, చేతిలో సంచీ, పిల్లాడికిచ్చిన చాక్లెట్: ఇవే క్లూలు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపేసింది. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లాలో ఐదుగురిని చంపేశారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. చనిపోయినవాళ్లు ఏ కథలోనూ పాత్రలు కారు. వాళ్ల చేతిలో సంచీని ఏ రచయితా పెట్టలేదు.

సిరీస్‌లో థియరీ తప్పయితే ఫ్రెండ్స్ నవ్వుతారు, ఒక టీ పోయించుకుంటారు. మనుషుల మీద కట్టిన థియరీ తప్పయితే ఆ ఖర్చు మనం కట్టం, వాళ్లు కడతారు.

అందుకే ఈసారి థియరీ కట్టేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, నా అనుమానానికి చూపించిన సీన్ ఒక్కటైనా ఆధారంగా ఉందా, లేక ముఖం నచ్చక అంటున్నానా? రెండు, నా థియరీకి అడ్డొచ్చే సీన్ ఏదైనా ఉందా, ఉంటే దాన్ని చూడనట్టు నటిస్తున్నానా? మూడు, నేను మాట్లాడుతున్నది ఎవరో రాసిన పాత్ర గురించా, పక్క వీధిలో ఉండే మనిషి గురించా?

మొదటి రెండిట్లో ఫెయిలైనా పర్లేదు, మా మూడో బ్యాచ్ ఎన్నేళ్లుగానో అట్టాగే బతికేస్తా ఉంది. మూడోదానికి మాత్రం జవాబు 'మనిషి' అని వస్తే, టైప్ చేసింది చెరిపేసి ఫోను జేబులో పెట్టుకోండి.