‘టెన్షన్’ ఒక్కటే కాదు, లోపల ఉన్నదానికి అసలు పేరు పెడదాం

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన హాస్టల్ తమ్ముళ్లని, చెల్లెళ్లని ‘ఎలా ఉన్నావ్ రా’ అని అడిగితే వచ్చే జవాబులు రెండే. ‘టెన్షన్‌గా ఉందన్నా’, లేదంటే ‘ఏం లేదన్నా’.

ఫిబ్రవరి, మార్చి అంటే మనకు మిరప కోతలు, ఇంటర్ పరీక్షలు ఒకేసారి. అమ్మానాన్న గుంటూరు వైపు కాయ కోతకి వలసపోతారు. ఇక్కడ పిల్లోడికి పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. అది ఇంటి మీద బెంగ కావచ్చు. ‘వాళ్లు ఎండలో, నేను ఫ్యాన్ కింద’ అన్న అపరాధభావం కావచ్చు. ఫెయిలైతే ఎలాగన్న భయం కావచ్చు. మూడింటికీ మందు వేరు. బెంగకి ఒక ఫోన్ కాల్ చాలు. భయానికి రోజుకో చాప్టర్ పెట్టుకుని చదవాలి. అపరాధభావం పోవాలంటే ‘నీ చదువు కోసమే మేం పోతున్నాం’ అని అమ్మ నోటితో వినాలి. అన్నిటినీ టెన్షన్ అంటే ఏ మందు వెయ్యాలో తెలీదు.

ఇది ఉత్త మాట కాదు. అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. ఫొటోలోని ముఖం చూసి ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గింది.

మనకు ఇంకా ముఖ్యమైన తేడా సిగ్గు, అవమానం. క్లాసులో ఎవడో కులం పేరుతో ఎగతాళి చేస్తే మనోళ్లు ‘సిగ్గేసింది’ అంటారు. తప్పు చేసినోడు కదా సిగ్గుపడాల్సింది! మనకు జరిగింది అవమానం. ఎరుకల వాళ్లని పుట్టుకతోనే నేరస్థులన్న చట్టం 1952లో రద్దయింది. స్టూవర్టుపురం అని ఊరి పేరు చెప్పడానికి ఇంకా గొంతు తగ్గించాల్సి వస్తే, ఆ సిగ్గు మనది కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా నలుగురిలో కావాలని అవమానించడాన్ని నేరం అంటుంది. ‘సిగ్గేసింది’ అని ఊరుకుంటే కంప్లైంట్ ఎక్కడ రాస్తాం?

పేరు పెడితే కూలి పెరుగుతుందా, స్కాలర్‌షిప్ వస్తుందా అని అడగొచ్చు. రాదు. కానీ ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

సీనియర్లు ‘ఏమైంది’ దగ్గర ఆగొద్దు. ‘భయమా, బెంగా, ఎవరైనా ఏమన్నా అన్నారా’ అని విడివిడిగా అడగండి. తెలుగులో మాట రాకపోతే లంబాడీలోనో, ఎరుకల భాషలోనో చెప్పనివ్వండి. మన వల్ల కాదనిపిస్తే టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ హాస్టల్ గోడ మీద రాసిపెట్టండి.