అలాయ్ వీల్స్ మోజు: మార్చేది కొడుకు, జవాబు చెప్పాల్సింది ఆర్‌సీలో ఉన్న తండ్రి

హైదరాబాద్: కారు కొని నెల తిరగకముందే కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, పెద్ద సైజు అలాయ్ వీల్స్ వేయించడం నగర యువతలో మామూలైపోయింది. కొన్ని ఇళ్లలో కారు డబ్బు గల్ఫ్‌లో ఉన్న తండ్రిది, ఆర్‌సీ కూడా ఆయన పేరు మీదే. అసలు చిక్కు అక్కడే ఉంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 182ఏ మారింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ. అదే ఏడాది జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో మాట్లాడింది. తయారీ కంపెనీ చెప్పిన కొలతలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం సెక్షన్ 52 కింద కుదరదని తేల్చింది. రోడ్డు మీద ప్రతి అలాయ్‌నీ పోలీసులు ఆపడం లేదు, నిజమే. కానీ ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ మాత్రం తప్పకుండా చూస్తాడు. మార్పు సంగతి ముందే చెప్పకపోతే క్లెయిమ్‌లో పేచీ మొదలవుతుంది.

మరి వేయించుకోవాలనుకునేవాళ్లు ఏం చూడాలి? కుర్రకారు ఇష్టపడే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌నే తీసుకుందాం. దీని టైరు 195/55 ఆర్16. అంటే మొత్తం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్‌కు 205/45 వేస్తే 616 వస్తుంది, తేడా ఒక్క శాతం కూడా లేదు. అదే రిమ్‌కు "లావుగా కనిపిస్తుంది భాయ్" అని షాపువాడు 215/50 అంటగడితే 647 అవుతుంది. నాలుగు శాతం పైగా పెరిగినట్టు. మీటర్ 100 చూపిస్తుంటే కారు నిజానికి 104లో పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకునే ప్రమాదం కూడా ఉంది.

సరైన సైజు ఎంచుకున్నా ఒకటి వదులుకోక తప్పదు. రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే రబ్బరు గోడ 107 మిల్లీమీటర్ల నుంచి 92కి తగ్గుతుంది. వానాకాలంలో మన గల్లీల గుంతలు తెలిసినవాళ్లకు ఆ 15 మిల్లీమీటర్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. గుంత దెబ్బ నేరుగా రిమ్‌కే తగులుతుంది. చవకరకం పోత రిమ్ అయితే సన్నటి పగులు వస్తుంది, కంటికి కూడా కనిపించదు. అదే రిమ్‌తో మర్నాడు ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో, వెనక సీట్లో అమ్మీ, చెల్లెళ్లు ఉండగా వెళ్తారు.

అందుకే రిమ్ కొనేటప్పుడు డిజైన్ తర్వాత, ముందు దాని మీద ఎంత బరువు మోస్తుందో రాసి ఉందా చూడాలి. ఏ గుర్తూ లేని కాపీ రిమ్ ఎంత అందంగా ఉన్నా వద్దు. బోల్టు రంధ్రాల లెక్క ఐ20కి నాలుగు, పోలో జీటీకి ఐదు. ఇది షాపువాళ్లకు తెలుసు. మధ్యలోని పెద్ద రంధ్రాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. అది హబ్ కంటే వదులుగా ఉంటే సరిపోయే రింగ్ వేయించాలి. లేకపోతే వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ వణుకుతుంది.

టైరు మీద చివర్లో ఉండే 87వి లాంటి గుర్తు కూడా ముఖ్యమే. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, వి అంటే 240 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుంది. కొత్తది అంతకు తగ్గకూడదు. పక్కనే నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 3524 అంటే 2024లో 35వ వారం. డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నారంటే ముందు ఆ అంకెలు చదవాలి.

నిజం చెప్పాలంటే, కారు బాగా పట్టుకుని నడవాలనుకునేవాళ్లకు కంపెనీ రిమ్ మీదే అదే సైజులో మంచి టైర్లు వేయించడం చాలు. ఖర్చు తక్కువ, ఆర్టీఏ గొడవ లేదు. అయినా రిమ్ మార్చే తీరాలంటే, బిల్లు తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. పాత నాలుగు చక్రాలను అమ్మేయకుండా ఇంట్లో ఒక మూల పెట్టుకోవాలి.