ప్రతిబల చిత్రం పూర్తిగా కనిపించాలి

క్యాడ్ సాఫ్ట్‌వేర్ రూపొందించే సంస్థల ఉత్పత్తి విభాగాధిపతులకు,

యంత్రభాగాన్ని గీసిన తెరమీదే దాని ప్రతిబలాన్ని, అంటే లోహం లోపల ప్రమాణ వైశాల్యంపై పనిచేసే బలాన్ని, లెక్కగట్టే సదుపాయం డిజైనర్లకు ఎంతో మేలు చేసింది. అయితే లెక్కించినదాన్ని చూపించడంలో కొన్ని ప్యాకేజీలు ఇంకా వెనుకబడే ఉన్నాయి.

ఎల్ ఆకారపు ఉక్కు బ్రాకెట్‌లో లోపలి మూలను గుండ్రం చేయకుండా పదునుగా వదిలితే, మెష్‌ను, అనగా లెక్క కోసం భాగాన్ని విడగొట్టిన చిన్న ఖండాల అల్లికను, సన్నం చేసేకొద్దీ అక్కడి ప్రతిబలం పెరుగుతూనే పోతుంది. అది గణిత నమూనా లక్షణమే గాని లోహం లక్షణం కాదు. రంగుల స్కేలు ఆ ఒక్క బిందువునే గరిష్ఠంగా తీసుకోవడంతో మిగిలిన బ్రాకెట్ దాదాపు అంతా నీలంగా మారి, మెత్తని ఉక్కు శాశ్వతంగా వంగడం మొదలయ్యే సుమారు 250 మెగాపాస్కళ్ల హద్దుకు ఏ చోటు చేరువైందో తెలియకుండా పోతుంది. స్కేలు హద్దును వాడేవారే నిర్ణయించే వీలు లేకపోవడం చిన్న లోపం కాదు.

పోత ఇనుము విషయంలో ముప్పు ఇంకా ఎక్కువ. వాన్ మీసెస్ 1913లో ప్రతిపాదించిన ప్రమాణం సాగే లోహాలకు ఉద్దేశించినది, పైగా దాని విలువకు రుణ గుర్తు ఉండదు. కనుక నొక్కుడును బాగా తట్టుకుని లాగుడుకు తేలికగా పగిలే పోత ఇనుములో ఏది లాగుడో, ఏది నొక్కుడో ఆ ప్రమాణంతో రంగులు వేసిన చిత్రం చెప్పలేదు. ప్రధాన ప్రతిబలాలను, అంటే కోత ప్రతిబలం లేని దిశల్లోని లాగుడు, నొక్కుడు విలువలను, ధన, రుణ గుర్తులతో చూపని సాధనం పోత భాగాలకు పనికిరాదనే చెప్పాలి.

ఈ రెండు సదుపాయాలనూ తదుపరి వెర్షన్‌లోనే, అదనపు రుసుము లేకుండా, చేర్చవలసిందిగా విజ్ఞప్తి.